పడవ డీజిలు లెక్కలోకి వస్తుందా?

నేను కరెంటు ఆఫీసులో జూనియర్ ఇంజనీరుని. సోలార్ పలకల కింద మొలిచిన గడ్డి కోయించడం, వాటి మీద పేరుకున్న ఉప్పు దుమ్ము కడిగించడం, ఇళ్ళ డాబాల మీద పలకలు పెట్టుకున్నవాళ్ళ మీటర్లు సరిచూడటం నా రోజువారీ పనులు. వీటిలో దేనికీ దేశాల మధ్య కూర్చునే అవసరం రాదు. కానీ నాకు ఇంగ్లీషు టైపు వేగంగా వచ్చు. ఆ ఒక్క విద్య వల్ల మూడు రోజులు నిజంగానే దేశాల మధ్య కూర్చున్నాను.

ఒకే సముద్రం చుట్టూ ఉన్న కొన్ని దేశాలు, వాటి వెనక కొండల్లో ఉన్న మరో దేశం కలిసి ఒక ఉమ్మడి లక్ష్యం పెట్టుకుందామనుకున్నాయి. పదేళ్ళలో ఎండ, గాలి, పారే నీళ్ళ నుంచి ఎంత శక్తి తీసుకోవాలన్నది తేల్చాలి. సమావేశం మా పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టారు. మా పైఅధికారి నన్ను పిలిచి, "హాల్లో పెద్ద తెర ఉంటుంది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు టైపు చేయి. బస్. నోరు విప్పొద్దు" అని హిందీలో చెప్పారు. మా ఆఫీసులో మంచి మాటైనా చీవాట్లైనా హిందీలోనే.

హోటలు సముద్రానికెదురుగా గుట్ట మీద ఉంది. లోపల ఏసీ ఎంత గట్టిగా పెట్టారంటే, మొదటి రోజు పొద్దున్న పది గంటలకే నేను చున్నీ భుజాల చుట్టూ కప్పుకున్నాను. నా పని చూడటానికి తేలిక. ఒప్పందం ముసాయిదా తెర మీద ఉంటుంది. ఎవరికైనా ఒక మాట నచ్చకపోతే దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. అందరూ ఒప్పుకుంటే బ్రాకెట్లు తీసేయాలి. మొదటి రోజు సాయంత్రానికి నేను ఒక్క బ్రాకెట్టు కూడా తీయలేదు. పెడుతూనే ఉన్నాను.

గొడవంతా ఒక్క వాక్యం మీద. పదేళ్ళు తిరిగేసరికి మనం వాడే శక్తిలో ఇంత భాగం ఎండ, గాలి, నీళ్ళ నుంచి రావాలి అన్నది ఆ వాక్యం. "ఇంత" దగ్గర పేచీ. అందరూ మాట్లాడారు కానీ పట్టు పట్టింది మాత్రం ఇద్దరే. ఒకరు కొండల దేశం నుంచి వచ్చిన పెద్దమనిషి. యాభై దాటిన వయసు, గుండ్రటి ముఖం, ఉన్ని కోటు. ఆ ఏసీ హాల్లో సుఖంగా కూర్చున్నది ఆయనొక్కరే. రెండోవారు ఒక చిన్న ద్వీప దేశం నుంచి వచ్చిన ఆవిడ. పొట్టి మనిషి, కురచగా కత్తిరించిన తెల్లటి జుట్టు. బల్ల కింద చెప్పులు విడిచేసి ఉత్త పాదాలతో కూర్చునేవారు. ఎవరి దేశం పేరు ఎంత పొడుగ్గా ఉన్నా, నా మనసులో మాత్రం ఒకరు కొండలాయన, ఒకరు దీవులావిడ అయిపోయారు.

"సగం అని రాయండి. అంతకన్నా తక్కువ రాస్తే లోకం నవ్వుతుంది. మేం ఆ గీత ఎప్పుడో దాటేశాం" అన్నారు కొండలాయన.

"మీకు నదులున్నాయి. మాకున్నవి ఉప్పు నీళ్ళు. నాలుగో వంతు దాటితే నేను సంతకం పెట్టలేను" అన్నారు దీవులావిడ.

"కాస్త ధైర్యం చేయాలమ్మా."

"ధైర్యం చేయమని మీరు చెప్పి వెళ్ళిపోతారు. మాట తప్పామన్న పేరు మాకు మిగులుతుంది."

నేను సగానికి ఒక బ్రాకెట్టు, నాలుగో వంతుకి ఒక బ్రాకెట్టు పెట్టాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కొండలాయన ప్లేటు పట్టుకుని వరండాలోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు. సముద్రాన్ని ఇంత దగ్గరగా చూడటం ఆయనకదే మొదటిసారట.

"ఇది రోజంతా ఇలాగే చప్పుడు చేస్తుందా?" అని అడిగారు.

"రాత్రి కూడా చేస్తుంది సార్."

"మరి మీకు నిద్రెలా పడుతుంది?"

"చప్పుడు ఆగిపోతే మెలకువ వస్తుంది."

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. చూస్తే దీవులావిడ. పొద్దుటి నుంచి ఆయనతో దెబ్బలాడుతున్న సంగతి గుర్తొచ్చి, నవ్వును గ్లాసు వెనక దాచుకుని అటు తిరిగిపోయారు.

సాయంత్రం స్కూటీ మీద షాదీపూర్‌లోని ఇంటికి చేరాను. అమ్మ ఎదురొచ్చి, "ఏటే, దేశాలోల్లతో ఏటి సేసినావు?" అంది.

"బ్రాకెట్లు పెట్టానమ్మా."

"అదేటి?"

"ఒప్పుకోని మాట చుట్టూ కంచె కట్టడం."

"పొద్దుగూకులూ కంచె కట్టడమేనా? ఇప్పేది ఎప్పుడు?"

నాకూ తెలియదు. రెండో రోజు మధ్యాహ్నానికి బ్రాకెట్లలో బ్రాకెట్లు పడ్డాయి. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో టైపు చేసిన నాకే అంతుపట్టలేదు. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఈ పూటకు చాలిద్దాం. ఊరు చూసి రండి. సముద్రపు గాలికి బుర్రలు కాస్త తేలికపడతాయి" అన్నారు.

ఊరు చూపించడానికి వ్యాను సిద్ధంగా ఉంది. అందరూ ఎక్కుతున్నారు. దీవులావిడ మాత్రం నా దగ్గరికొచ్చి, "మీ ఊళ్ళో చేపల రేవు ఎక్కడుంది? మా నాన్న పడవ మనిషి. ఏ ఊరు వెళ్ళినా రేవు చూడందే నాకు ఊరు చూసినట్టుండదు" అన్నారు.

"మా చిన్నాన్నకి పడవ ఉందండీ. రేవులోనే ఉంటారు ఈ వేళప్పుడు" అన్నాను. అనేసరికే ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు. వ్యాను మెట్టు మీద ఒక కాలు వేసి ఉన్న కొండలాయన ఆ కాలు కిందికి దింపి, "నేనూ రావచ్చా?" అని అడిగారు.

"సముద్రం నాదేం కాదు కదా" అన్నారు ఆవిడ, ముక్తసరిగా.

మా అధికారిని అడిగితే వద్దంటారని తెలుసు. అందుకని అడగలేదు. ముగ్గురం ఆటో ఎక్కాం. గోల్ ఘర్ దాటాక చిన్న జల్లు పడింది. కొండలాయన ఉన్ని కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. దారిలో ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఇద్దరూ నాతోనే మాట్లాడారు, నేను ఎడంపక్కకీ కుడిపక్కకీ తల తిప్పుతూ కూర్చున్నాను.

చిన్నాన్న పడవలో వంగి, గరాటుకి గుడ్డ కట్టి క్యాను నుంచి డీజిలు పోస్తున్నాడు. శ్రీకాకుళం వైపు తీరం నుంచి కుర్రతనంలో వచ్చాడు. మా నాన్న పోయాక మా ఇంటికీ ఆయనే పెద్ద. కాస్త అవతల రేకుల కింద పిన్ని చేపలు వేరుచేస్తోంది.

"చిన్నాన్నా, వీళ్ళు వేరే దేశాల నుంచి వచ్చారు. మా మీటింగుకి" అన్నాను.

"నమస్తే దీదీ, నమస్తే భయ్యా. ఆయియే, బైఠియే" అంటూ చిన్నాన్న భుజం మీది తువ్వాలు తీసి పడవ బల్ల తుడిచాడు. దీవులావిడ చీర కట్టినట్టు కట్టుకున్న గుడ్డ కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, ఎవరి చేయీ అందుకోకుండా, ఒక్క అంగలో పడవలోకి దిగారు. చిన్నాన్న ముఖం వెలిగిపోయింది. "ఈవిడ మనోలే" అన్నాడు నాతో. కొండలాయన్ని దించడానికి మాత్రం ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. కూర్చున్నాక ఆయన పడవ రెండంచులూ గట్టిగా పట్టుకుని, నీళ్ళ లోతెంతో కనుక్కోమన్నారు.

"ములిగిపోడానికి సరిపోద్దని సెప్పు భయ్యాకి" అన్నాడు చిన్నాన్న.

"సరిపడా ఉందంటున్నారు సార్" అని చెప్పాను.

ఇంతలో పిన్ని వేయించిన చేపముక్కలు ఆకులో పెట్టి, గ్లాసుల్లో టీ పోసి పంపింది. చిన్నాన్న తింటూ, "ఇంతకీ ఏ మీటింగే అమ్మీ అది?" అన్నాడు. పదేళ్ళలో ఎండ నుంచీ గాలి నుంచీ ఎంత శక్తి తేవాలో దేశాలన్నీ కలిసి మాటాడుకుంటున్నాయని చెప్పాను. బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత డీజిలు క్యాను మీద చేత్తో తట్టి, "మరి నా బోటుకి పోసే ఈ డీజిలు మీ హిసాబులో ఉందా, నేదా?" అని అడిగాడు.

నాకు సిగ్గేసింది. ఎదురుగా ఉన్నవాళ్ళు ఇదే పనిలో తల నెరిసినవాళ్ళు. వాళ్ళను ఇంత చిన్న ప్రశ్న అడగడమా? నేను తటపటాయించడం చూసి చిన్నాన్న, "అడగవే. నోరు నొప్పెడతాదేటి?" అన్నాడు.

అడిగాను.

"లేదు" అన్నారు కొండలాయన.

"ఉంది" అన్నారు దీవులావిడ.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. గరాటు నుంచి ట్యాంకులోకి పడుతున్న బొట్ల చప్పుడు వినబడుతోంది. వాళ్ళ జవాబులను నేను తెలుగులోకి మార్చే పని లేకపోయింది. ఎస్, నో అన్నవి చిన్నాన్నకి తెలుసు.

"ఈయన నో అంటాడు, ఈవిడ ఎస్ అంటాది. మరి రెండ్రోజుల్నుంచి ఏటి మాటాడుకున్నారే మీరు?" అన్నాడు.

దీవులావిడ నెమ్మదిగా టీ గ్లాసు కింద పెట్టారు. "మీరంటున్న సగం, కరెంటులో సగమా?" అని కొండలాయన్ని అడిగారు.

"మరింక దేంట్లో?"

"నేను మొత్తం ఇంధనంలో అనుకున్నాను. మా దేశంలో ఇళ్ళు తాగే దానికన్నా పడవలు తాగేది ఎక్కువ."

"అయితే మీ నాలుగో వంతు..."

"పడవలతో కలిపి."

కొండలాయన క్యాను వంక చూశారు, ఇంజను వంక చూశారు, రేవులో వరసగా కట్టేసి ఉన్న పడవలన్నిటి వంకా చూశారు. "పడవలతో కలిపి నాలుగో వంతా? అది మా సగం కన్నా చాలా కష్టమైన పని" అన్నారు. పడవ అంచు వదిలి రెండు చేతులూ జోడించి, "నిన్న ధైర్యం గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. అదే క్షణాన పక్క పడవ కదిలి అల రావడంతో మళ్ళీ గభాలున అంచు పట్టుకున్నారు. ఆవిడ నవ్వారు, ఈసారి గ్లాసు అడ్డం పెట్టుకోలేదు.

అంత చదువుకున్నవాళ్ళు ఇంత మాట ముందే అడుక్కోరా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ ముసాయిదాలో ఉన్నది శక్తి అనే ఒకే ఒక్క మాట. దాన్ని ఎవరి ఇంటి నుంచి వాళ్ళు చూశారు. నది కరెంటుతో బతికే ఆయనకి అది కరెంటు. పడవల మధ్య పుట్టిన ఆవిడకి అది డీజిలు కూడా. పడవ మనుషుల ఇంట్లో పుట్టిన నేనైనా అడగవలసింది. రెండు రోజుల్లో ఆ మాటను ఎన్నిసార్లు టైపు చేశానో! కరెంటు ఆఫీసులో జీతం తీసుకుని తీసుకుని నాకూ అది కరెంటే అయిపోయింది.

మూడో రోజు పొద్దున్న హాలు గుమ్మంలోనే మా అధికారి నన్ను ఆపారు. "డెలిగేట్లను చేపల రేవుకి తీసుకెళ్ళావట? ఎవరిని అడిగి?" కొండలాయన బూట్ల నుంచి వస్తున్న వాసన అప్పటికే ఆ సంగతి హాలంతటికీ చెప్పేస్తోంది. అంతలో గంట మోగింది. బతుకుజీవుడా అని వెళ్ళి తెర ముందు కూర్చున్నాను.

దీవులావిడ చెయ్యెత్తారు. వాక్యాన్ని రెండు చేయాలని తామిద్దరూ అనుకుంటున్నామని చెప్పారు. కరెంటుకి ఒకటి, పడవల ఇంధనానికి ఒకటి. తామిద్దరూ అన్న మాట వినేసరికి హాల్లో కుర్చీలు కదిలాయి. అధ్యక్షుడు కళ్ళజోడు దించి, "ఒక్క సాయంత్రంలో ఏం జరిగింది?" అని అడిగారు.

"ఒక స్థానిక నిపుణుణ్ణి సంప్రదించాం. సముద్రం మీద ఇంధన వినియోగంలో ఆయనకి నలభై ఏళ్ళ అనుభవం" అన్నారు ఆవిడ.

"ఆయన పేరు?"

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, "ప్రచారం ఇష్టపడని మనిషి" అన్నారు. కొండలాయన గంభీరంగా తలూపారు. నేను తల వంచుకుని టైపు చేశాను: స్థానిక నిపుణుడితో క్షేత్రస్థాయి సంప్రదింపులు జరిగాయి. ఆ కాగితం ఇప్పటికీ ఎన్ని దేశాల బీరువాల్లో ఉందో. మా చిన్నాన్న అందులో ఉన్నాడు.

అక్కడితో అంతా సుఖంగా తేలిపోయిందనుకోకండి. కరెంటులో సగం అనడానికి అందరూ త్వరగానే సరేనన్నారు. దీవులావిడ కూడా ఎండ పలకలతో తమవాళ్ళు అక్కడికి చేరగలరని లెక్క చూసుకుని ఒప్పుకున్నారు. పడవల దగ్గరికొచ్చేసరికి తీరమున్న మిగతా దేశాలన్నీ మెల్లగా వెనక్కి తగ్గాయి. పడవలు మా శాఖలోకి రావని ఒకరు, చేపల శాఖ వాళ్ళు రాలేదని ఒకరు, ఇప్పుడే తొందరెందుకని ఇంకొకరు. నేను మళ్ళీ బ్రాకెట్లు మొదలుపెట్టాను.

అప్పుడు కొండలాయన లేచి నిలబడ్డారు. "మా దేశంలో తీరం లేదు. నేను పడవ ఎక్కింది నిన్నే, అదీ కట్టేసి ఉన్న పడవ. అయినా చెబుతున్నాను. ఆ డీజిలు వాసన నా కోటుకింకా ఉంది. ఆ మనుషులు దాన్ని రోజంతా పీలుస్తారు. ఇళ్ళల్లో దీపాల గురించి సంతకం పెట్టి వాళ్ళను వదిలేస్తే, నిన్న నేను తిన్న చేపముక్కకి ద్రోహం చేసినట్టే" అన్నారు. తీరం లేని దేశం పడవల తరఫున మాట్లాడుతుంటే తీరమున్నవాళ్ళు ఎంతసేపని కాదంటారు?

కొండలాయనకూ కావలసినది ఒకటుంది. కొండల్లో పుట్టి తీగల మీదుగా పొరుగు దేశానికి పోయే కరెంటు ఎవరి లక్ష్యంలో చేరాలన్నది. పంపినవాళ్ళూ మాదే అంటారు, వాడినవాళ్ళూ మాదే అంటారు. చెరిసగం చేద్దామని దీవులావిడ గట్టిగా నిలబడ్డారు. ఆవిడ దేశానికి ఆ తీగతో ఏ సంబంధమూ లేదు. అందుకే ఆవిడ మాట చెల్లింది.

నాలుగు గంటలకి వాక్యాలు తేలాయి. కరెంటులో సగం, అందరూ కలిసి. సముద్రమున్న ప్రతి దేశమూ ఏడాదిలో తన రేవుల్లో డీజిలు లేని పడవలు కొన్ని నడిపి చూడటానికి ప్రయత్నించాలి, చూశాక పడవల లక్ష్యం రాసుకోవాలి. చివరి బ్రాకెట్టు మీద కర్సరు పెట్టి అధ్యక్షుడి వంక చూశాను. తలూపారు. తీసేశాను. హాలంతా చప్పట్లు. ఎందుకో నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. మా అధికారి వచ్చి, రేవు సంగతి ఎత్తకుండా, "చాయ్ పీలో" అన్నారు. అంతకన్నా మెచ్చుకోలు మా ఆఫీసులో లేదు.

ఆ ఆదివారం చిన్నాన్న ఆ కాగితంలో ఏం రాశారో చదవమన్నాడు. అది ఇంగ్లీషు. నేను హిందీ మీడియంలో చదివాను, తెలుగు అక్షరాలు అమ్మ పలక మీద దిద్దించినవే. రెండు రోజులు కూర్చుని, అమ్మని అడిగి అడిగి, రెండు పేజీలు తెలుగులో రాసి ఆయనకు చదివి వినిపించాను. అంతా ఓపిగ్గా విని ఒక్క చోట ఆపాడు.

"నడిపి చూడటానికి ప్రయత్నిస్తాయి అన్నావు. పెయత్నిస్తాయంటే సేస్తాయా, సెయ్యవా?"

"చేయాలనే అనుకుంటాయి చిన్నాన్నా."

"సిన్నప్పుడు నువ్వు బడికెల్లడానికి పెయత్నిస్తానంటే మీ అమ్మ ఊరుకుందేటి?"

ఆ మాట దీవులావిడకు మెయిల్లో రాశాను. మర్నాడే జవాబొచ్చింది. నిపుణుడి మాట నిజమే, వచ్చే సమావేశంలో 'ప్రయత్నిస్తాయి'కి మొదటి బ్రాకెట్టు తనే పెట్టిస్తానని రాశారు.

చెప్పొద్దూ, మా దగ్గర మాత్రం ప్రయత్నం ప్రయత్నంగా ఆగిపోలేదు. ఏడాది తిరగకుండానే రేవు షెడ్డు మీద పలకలు పెట్టి, బ్యాటరీ మోటారున్న పడవ ఒకటి పరీక్షకి తెచ్చారు. నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. చిన్నాన్న నా ముఖం చూసి ఒప్పుకున్నాడు. మోటారు ఆన్ చేశాక కూడా ఆన్ చేయమంటూనే ఉన్నాడు. "సౌండు నేదు, పని సేస్తన్నట్టు ఎలా తెలుస్తాది?" అన్నాడు. ఆ బ్యాటరీతో దూరం వెళ్ళడం కుదరదు. దగ్గరి వలల దాకా వెళ్ళి రావడానికి సరిపోతుంది, ఎదురుగాలైతే అదీ కష్టమే. ఆ సంగతి దాచకుండా రిపోర్టులో రాశాను.

మొదటిసారి ఆ పడవ వేటకి వెళ్ళి తిరిగొచ్చిన పొద్దున పిన్నీ నేనూ రేవులో నిలబడ్డాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడవ ఇంకా దూరాన వేలెడంత కనబడుతుండగానే, ఇంజను మోత లేనందువల్ల, దాంట్లో మాటలు నీళ్ళ మీదుగా తేలుతూ వచ్చాయి. చిన్నాన్న తోటివాళ్ళతో చెబుతున్నాడు, డీజిలింజను పక్కన నలభై ఏళ్ళు అరిచి అరిచి అలవాటైన గొంతుతో.

"మా ఇంటిదాని పులుసు సంగతి అడక్కండ్రా! ఉప్పేస్తే పులుపు మరిసిపోద్ది, పులుపేస్తే ఉప్పు మరిసిపోద్ది. ఇన్నేళ్ళూ నోరు మూసుకుని తింటన్నాను..."

రేవులో ఉన్న ఆడవాళ్ళందరూ పిన్ని వైపు తిరిగారు. పిన్ని కొంగు నడుముకి బిగించి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, "ఒడ్డుకి రా! అన్నీ ఇనబడతన్నాయి!" అని కేక వేసింది.

పడవలో మాటలు టక్కున ఆగిపోయాయి. ఒడ్డుకి వస్తున్న పడవ కాసేపు అక్కడే నీళ్ళ మీద ఊగుతూ నిలిచిపోయింది.